అరవై తొమ్మిదిన్నర

మా అమ్మ మొక్కుకున్నప్పుడు నేను నలభై ఆరు కిలోలు.
తిరపతి స్విమ్స్‌లో నా మంచం పక్కన కింద కూర్చోని
కిటికీలోంచి కొండకు దణ్ణం పెట్టి
"బిడ్డ లేచి నడిస్తే దాని ఎత్తు బెల్లం తులాభారం తూస్తా సామీ" అనింది.
చిత్తూరు బెల్లం మండీలో ఇరవై ఏండ్లు దిమ్మెలు మోసిన కుప్పమ్మ,
నలభై ఆరంటే ఎన్ని దిమ్మెలో
వేళ్ల మీదే లెక్క కట్టేసింది.

లేచినాను. నడిచినాను.
లేపిన మాత్రలే ఒళ్లు పెంచినాయి.

మొదట మొహం.
చంద్రబింబంలా ఉందని పెండ్లిచూపుల్లో అంటారు.
డాక్టరమ్మా ఆ మాటే అనింది,
చీటీలో సైడ్ ఎఫెక్టుల కింద రాసుకుంటా.

నేను గ్రీమ్స్‌పేటలో జాకెట్లు కుడతాను.
వీధిలో ఆడోళ్ల కొలతలన్నీ నా నోటుబుక్కులో ఉండాయి.
ఎవరు ఎప్పుడు ఒళ్లు చేసిందీ, ఎవరు చిక్కిపోయిందీ,
ఎందుకో కూడా కొంచెం తెలుసు. ఎవరికీ చెప్పను.
నా కొలత మాత్రం తీసుకోను.
టేపు ఊరికే మెడలో వేలాడతా ఉంటుంది.
రెజీనా టీచరు అడుగుతుంది
"ఏం తింటా ఉండావు మే, ఇంత లావైనావు?"
నోట్లో గుండుసూదులు పెట్టుకోని ఉంటా గదా,
జవాబు చెప్పే పనుండదు.

ఏం తింటానా.
రాత్రి రెండుకి ఆకలి లేస్తుంది,
నాది కాదు, మాత్రది.
కొత్తగా అద్దెకు దిగినోడి మాదిరి
గిన్నె గిన్నె మూత తీసి చూస్తుంది.
సంగటి ఇప్పుడు సగం ముద్ద. ఆకుకూర దానికి రెండింతలు.
బెల్లం వాసన చూడడమే, షుగరు కూడా వచ్చి కూర్చుంది.
ఎండ పడదు, చెంపల మీద ఎర్రగా తేలుతుంది,
అందుకని తెల్లారకముందే నడక,
పాలబండ్లతో, కుక్కలతో,
మోకాళ్లు ఒప్పుకున్నంత దూరం.
ఒప్పుకోని రోజు గేటుదాకా.
నెలంతా నడిచి అరకిలో తగ్గినాను.
మాత్ర పెంచిన వారంలో రెండు కిలోలు వచ్చినాయి.

ఒకసారి మానేసినాను, ఎవరికీ చెప్పకుండా.
పదిహేను రోజులు.
మొహంలో నా పాత ఎముకలు తేలినాయి,
అద్దంలో చూసుకోని తెగ మురిసినాను.
పదహారో రోజు కత్తెర పట్టుకోలేకపోయినాను.
ఒంటేలు నురగ. కాళ్లల్లో నీళ్లు.
మళ్లీ అదే వార్డు, మళ్లీ నలభై మిల్లీగ్రాముల కాడినుంచి.
డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.
"తగ్గించేది నేను, మెల్లగా. నువ్వు కాదు" అనింది.

నిన్న మందుల షాపు బయట మిషను మీదికి
అమ్మే నన్ను ఎక్కించింది.
అరవై తొమ్మిదిన్నర.
నేను కండ్లు మూసుకున్నా. అమ్మ గొణుగుతా ఉంది,
ఇంకో ఇరవై మూడున్నర కిలోల బెల్లం,
ఈ యేడు రేటు చూస్తే...
"ఈ సామి నీ మాత్రల చీటీ చూసి
అప్పు పెంచతా ఉండాడేమో మే!"
నాకు నవ్వొచ్చింది. నవ్వు కాడ ఆగలేదు.
షాపబ్బాయి తల తిప్పుకున్నాడు.
"తగ్గినాక పోదాం లేమ్మా" అన్నా.
"తగ్గినాకెందుకు?
తక్కువ తూచేదానికి నేనేమన్నా మండీ సావుకారునా?" అనింది.

రాత్రి నీలం జాకెట్టు బయటికి తీసినా,
కొండకు వేసుకునేదానికి పట్టుది అదొక్కటే.
సైడు కుట్లు విప్పినా, దారం దారంగా,
ఈ పొద్దు వేళ్లు వంగినంత మేరకు.
కుట్టేటప్పుడే రెండంగుళాలు లోపల వదులుతాం,
మా పనిలో అది మొదటి పాఠం.
ఏడేండ్లకు పైగుడ్డ వెలిసిపోయింది.
లోపలిది ఇంకా కొన్ననాటి రంగులోనే ఉండాది.
మళ్లీ కుట్టి ఇస్త్రీ చేసినా.
రెండు పక్కలా రెండు ముదురు నీలం పట్టీలు,
కనిపిస్తాయి.
కనిపించనీ.